దైకోకులో ఒక రాత్రి: జపాన్ కార్ల టూర్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

జపాన్‌లో రాత్రిపూట కార్ల అభిమానులు చేరే చోట్లను చూపించే గైడెడ్ టూర్ల గురించి గత నెల ఈ శీర్షికలో రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ విడివిడిగా జవాబు ఇవ్వడం సాధ్యం కాదు కనుక, ఎక్కువమంది అడిగిన సంగతులున్న నాలుగు ఉత్తరాలను ఎంచుకున్నాను.

ప్రశ్న: ఆఫీసు పని మీద నవంబరులో రెండు వారాలు టోక్యోలో ఉంటాను. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌ను చిన్నప్పుడు వీడియో గేముల్లో నడిపిన తరం మాది. రాత్రి 7 గంటలకు హోటలు దగ్గర ఎక్కించుకుని, ఆ స్కైలైన్‌లలో ఆర్34 అనే మోడలు కారు ముందు సీటులో కూర్చోబెట్టి, దైకోకు పార్కింగ్ ఏరియాకు తీసుకువెళ్లి, 3 గంటల్లో తిరిగి దింపే టూరు ఒకటి చూశాను. మనిషికి 30,000 యెన్లు అడుగుతున్నారు. చేరవచ్చా? అంత డబ్బు పెట్టకుండా రైల్లో వెళ్లి చూసి రాలేమా?

జవాబు: ఈ టూర్లు పుట్టడానికి కారణం మీ చివరి ప్రశ్నలోనే ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. కార్ల అభిమానులు రాత్రిపూట చేరే దైకోకు పార్కింగ్ ఏరియా యోకొహామా నగరంలోని త్సురుమి వార్డులో, సముద్రాన్ని పూడ్చి చేసిన ఒక దీవి మీద, షుతో ఎక్స్‌ప్రెస్‌వే అనే టోక్యో ప్రాంతపు టోల్ రహదారుల మార్గాలు కలిసే కూడలి మధ్యలో ఉంది. చుట్ట చుట్టుకున్న పాములా ర్యాంపులు తలపైన తిరుగుతుంటే, వాటి నడుమ ఒక పెద్ద పార్కింగ్ స్థలం, ఒక భోజనశాల, ఒక చిన్న దుకాణం, మరుగుదొడ్లు, వరసగా వెండింగ్ మెషీన్లు ఉంటాయి. అక్కడికి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా తప్ప మరో దారి లేదు. రైలు స్టేషను లేదు, కింది వీధిలోంచి నడిచి ఎక్కడానికి మెట్లు లేవు. టాక్సీలో వెళ్లవచ్చు గాని దాన్ని పంపించేస్తే తిరుగు ప్రయాణానికి మరొకటి దొరకడం కష్టం, ఎక్స్‌ప్రెస్‌వే మీద నడవడం నిషిద్ధం. కాబట్టి కారున్నవారెవరైనా తీసుకువెళ్లాలి, లేదా మీరే నడుపుకుంటూ వెళ్లాలి. మీరిచ్చే డబ్బులో పెద్ద భాగం ఈ ఒక్క ఇబ్బందిని దాటించినందుకే.

దైకోకు అన్న పేరు రాసే రెండు అక్షరాలకు 'పెద్ద నలుపు' అని అర్థం. జపాన్ ప్రజలు సిరిసంపదల దేవుడిగా కొలిచే దైకోకుతెన్ పేరూ ఈ అక్షరాలతోనే మొదలవుతుంది. ఆ దేవుడి మూలం మన మహాకాలుడే. ఇది కార్లకు సంబంధించిన సంగతి కాకపోయినా, అక్కడ నిలబడినప్పుడు తెలుగువారికి తప్పకుండా గుర్తొస్తుంది.

ఇక చేరవచ్చా అన్న ప్రశ్న. చేరవచ్చు, కాని డబ్బు కట్టే ముందు కారు మోడలు కన్నా నంబర్ ప్లేటు రంగు గురించి అడగండి. జపాన్‌లో సొంత కార్లకు తెల్ల ప్లేటు మీద ఆకుపచ్చ అక్షరాలుంటాయి. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకునే అనుమతి ఉన్న వాహనాలకు ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటాయి, వాటిని నడిపేవారికి రెండో తరగతి లైసెన్సు అనే ప్రత్యేకమైన అర్హత ఉండాలి. అనుమతి లేకుండా ప్రయాణికులను చేరవేసే వ్యాపారం చేస్తే రోడ్డు రవాణా చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు గాని, 30 లక్షల యెన్ల వరకు జరిమానా గాని పడవచ్చు. అలాంటి వాహనాలను అక్కడ 'షిరొతాకు' అంటారు, అంటే తెల్ల టాక్సీ. శిక్ష పడేది నడిపేవారికే అయినా, పోలీసులు ఆపితే మీ రాత్రి అక్కడితో ముగుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ప్రమాదం జరిగితే సొంత వాడకానికి తీసుకున్న బీమా, డబ్బు కట్టి ఎక్కిన ప్రయాణికుడికి వర్తిస్తుందా లేదా అన్న పేచీలో మీరు చిక్కుకుంటారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. కారు వచ్చింది, తళతళలాడుతోంది, ప్లేటు మాత్రం తెల్లగా ఉంది. షిబుయా దాటేలోపే ఆ యువకుడు ఎంతో మర్యాదగా, "పోలీసులు అడిగితే మనం స్నేహితులమని చెప్పండి, నా పేరు గుర్తుంచుకోండి" అన్నాడు. అప్పుడే దిగిపోవలసింది. దిగలేదు. మూడు గంటలపాటు కార్లను చూసిన దానికన్నా ఆ పేరు మరిచిపోకుండా వల్లె వేసుకోవడమే ఎక్కువైంది.

మీరు చెప్పిన టూరులో ఆర్34 వస్తుందంటున్నారు. అలాంటి పాత స్పోర్ట్స్ కార్లలో అత్యధికం తెల్ల ప్లేటువే కనుక, నడిపేది ఎవరు, ఏ అనుమతి మీద అన్నది రాతపూర్వకంగా అడగండి. 'అన్నీ సక్రమంగానే ఉన్నాయి' అని మాత్రమే జవాబు వస్తే వదిలేయండి. ప్లేటు మీద నాలుగు అంకెలకు ఎడమ పక్కన 'వ' (わ) అనే జపనీస్ హిరగానా లిపి అక్షరం ఉంటే అది అద్దె కారు. అద్దె కారును డ్రైవరుతో సహా ఇవ్వడానికి వీల్లేదు కనుక దాని స్టీరింగు పట్టుకోవలసింది మీరు, గైడు పక్కన కూర్చోవాలి. ఆకుపచ్చ ప్లేటున్న వ్యానులో ఆరేడుగురిని తీసుకువెళ్లే టూర్లూ ఉన్నాయి. ఫొటోల్లో అవి అంత గొప్పగా కనిపించవు, కాని నన్నడిగితే వాటివైపే మొగ్గుతాను. చూడవలసింది పార్కింగ్‌లో ఉన్న కార్లనే గాని, మీరు కూర్చున్న కారును కాదు కదా. దానిలో కూర్చున్నాక అది మీకే కనిపించదు.

రెండోది, దైకోకును పోలీసులు తరచుగా మూసేస్తారు, ముఖ్యంగా శుక్ర, శనివారాల రాత్రుల్లో. అది కార్ల ప్రదర్శనశాల కాదు. దూరప్రయాణం చేసే లారీ డ్రైవర్లు కాసేపు కునుకు తీయడానికి కట్టిన చోటు. చప్పుడు పెరిగినా, స్థలం నిండిపోయినా లౌడ్‌స్పీకరులో ప్రకటన వస్తుంది, గస్తీ కార్లు నెమ్మదిగా వరసల మధ్య తిరుగుతాయి. ఒక్కొక్కటిగా హెడ్‌లైట్లు వెలుగుతాయి, ఎవరూ వాదించరు. పావుగంట క్రితం వందల కార్లున్న చోట టైరు గుర్తులు, వెండింగ్ మెషీన్ల వెలుతురు మిగులుతాయి. నిజం చెప్పాలంటే ఆ నిష్క్రమణే నేను చూసిన అన్నిటికన్నా అందమైన దృశ్యం. చుట్టూ తిరిగే ర్యాంపు మీద ఎర్ర దీపాల వరస పైకి ఎక్కుతూ పోతుంటే, ఒక్కో ఇంజను గొంతు ఒక్కో వంపు దగ్గర మారుతూ వినిపిస్తుంది. అయితే మీ టూరు చేరేసరికే మూసేసి ఉంటే ఆ దృశ్యమూ దక్కదు. అప్పుడు తత్సుమి, షిబాఉరా పార్కింగ్ ఏరియాలకు గాని, టోక్యో అఖాతం నడుమ ఉన్న ఉమిహోతారుకు గాని తీసుకువెళతారా, లేక డబ్బు వాపసు ఇస్తారా అన్నది ముందే తేల్చుకోండి. తత్సుమి చిన్నది, కాని దాని వెనుక ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు వెలుగుతుంటాయి కనుక ఫొటోలకు ప్రసిద్ధి. 1997లో ప్రారంభమైన ఆక్వాలైన్ దారిలో సొరంగం ముగిసి వంతెన మొదలయ్యే చోట ఉమిహోతారు ఉంది. దాని పేరుకు సముద్రపు మిణుగురు అని అర్థం.

మరో మాట. గమ్యం కన్నా దారి బాగుండే ప్రయాణం ఇది. టోక్యో నడిబొడ్డున సీ1 అని పిలిచే వలయ మార్గం సుమారు 15 కిలోమీటర్లు ఉంటుంది. షుతో ఎక్స్‌ప్రెస్‌వేలో తొలి భాగం 1962 డిసెంబరులో, 1964 ఒలింపిక్స్‌కు ముందు సిద్ధమైంది. కిక్కిరిసిన నగరంలో భూమి సేకరించే వ్యవధి లేక చాలాచోట్ల కాలువల మీద, నదుల మీద, పాత వీధుల మీద స్తంభాలు దించి కట్టారు. ఆ కాలువలు ఎలా వంకరలు తిరిగాయో రోడ్డూ అలాగే తిరిగింది. ఇరుకు మలుపులు, కుడివైపు నుంచి హఠాత్తుగా వచ్చి కలిసే ర్యాంపులు, చేయి చాస్తే అందేటంత దగ్గరగా కార్యాలయాల కిటికీలు, ఇవన్నీ ఆ తొందర మిగిల్చినవే. ఆ మలుపుల కోసమే ఒకప్పుడు కుర్రకారు ఆ వలయాన్ని పరుగు పందెపు దారిగా మార్చుకుంది, అక్కడ చుట్లు కొట్టేవారికి రూలెట్-జోకు అన్న పేరే స్థిరపడింది. అక్కడ వేగ పరిమితి చాలా భాగం గంటకు 50 కిలోమీటర్లు. ఆ వేగంలోనే దాని అందం బాగా తెలుస్తుంది. సీ1 దాటి బేషోర్ మార్గం పట్టాక రోడ్డు విశాలమవుతుంది. హనెడా విమానాశ్రయాన్ని, సముద్రగర్భ సొరంగాలను, కవాసాకి కర్మాగారాల పొగ గొట్టాలను దాటి, 1994లో కట్టిన త్సురుమి త్సుబాసా వంతెన ఎక్కుతుంది. ఆ వంతెన దిగగానే దైకోకు. 'గంటకు 200 కిలోమీటర్ల అనుభవం' అని ఎవరైనా ప్రకటిస్తే మాత్రం ఆ టూరు జోలికి పోవద్దు. ఎక్స్‌ప్రెస్‌వే మీద పరిమితిని 40 కిలోమీటర్లు, అంతకు మించి దాటితే అది జరిమానాతో పోయే తప్పు కాదు, క్రిమినల్ కేసు.

ప్రశ్న: మావారికి కార్ల పిచ్చి. నాకు రంగు తప్ప మరేమీ తెలియదు. ఇద్దరం కలిసి ఈ టూరుకు వెళితే నేను ఆ మూడు గంటలూ ఏం చూడాలి?

జవాబు: అమ్మా, మీరే ఎక్కువ చూస్తారని నా అనుమానం. కార్లు బాగా తెలిసినవారు అక్కడ దిగగానే నాలుగు పేర్ల కోసం పరుగెత్తుతారు. 1989 నుంచి వచ్చిన స్కైలైన్ జీటీ-ఆర్ మూడు తరాలు, 2జేజెడ్ అనే ఇంజనున్న టొయోటా సుప్రా, మాజ్దా ఆర్ఎక్స్-7, హోండా ఎన్ఎస్ఎక్స్. మీవారు వాటి బానెట్ల చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నంతసేపు మీరు తీరిగ్గా మిగతావి చూడండి.

ముందుగా పసుపు ప్లేట్లున్న బుల్లి కార్లను వెతకండి. వాటిని కేయ్ కార్లు అంటారు. ఇంజను 660 సీసీ, పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు మించకూడదన్నది నేటి నిబంధన. 1990ల ఆరంభంలో ఆ చిన్న కొలతల్లోనే స్పోర్ట్స్ కార్లు చేయాలన్న ముచ్చట పుట్టి మూడు కార్లు వచ్చాయి: ఆటోజామ్ ఏజెడ్-1, హోండా బీట్, సుజుకి కాపుచీనో. పేర్ల మొదటి అక్షరాలను బట్టి అభిమానులు వాటిని ఏబీసీ అంటారు. ఏజెడ్-1 తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. అందులోంచి ఒక నడివయసు పెద్దమనిషి మోకాళ్లు ముడిచి, ఒక చేత్తో పైకప్పు పట్టుకుని బయటికి వచ్చే తీరును నేను పూర్తిగా నిలబడి చూశాను. ఆయనా నన్ను చూసి నవ్వాడు.

తరువాత ఇతాషాలు. 'ఇతాయి' అంటే నొప్పి లేదా చూడలేనంత ఇబ్బంది, 'షా' అంటే బండి. బానెట్ నుంచి డిక్కీ దాకా యానిమే (జపాన్ యానిమేషన్) కథానాయిక బొమ్మలు అతికించుకున్న కార్లు ఇవి. ఆ పేరు యజమానులు తమ మీద తామే వేసుకున్న హాస్యం. ఆ పక్కనే నేలను తాకుతున్నట్టు కిందికి దించిన నల్లని టొయోటా సెల్సియర్, క్రౌన్, నిస్సాన్ సెడ్రిక్ వంటి పెద్ద కార్లుంటాయి. వీటిని వీఐపీ శైలి అంటారు. చక్రాలు లోపలికి వాలి, కిటికీలకు తెరలు కట్టి, ముందు అద్దం కింద లేసు గుడ్డ పరిచి ఉంటుంది. మీకు అదృష్టముంటే వందలాది రంగు దీపాలతో, క్రోమ్ పలకలతో అలంకరించిన లారీ కూడా తగలవచ్చు, దాన్ని దెకోతోరా అంటారు.

ఇన్ని మార్పులు చట్టం ఒప్పుకుంటుందా అని మీకు సందేహం రావచ్చు. ఒప్పుకునేది కొంత, ఒప్పుకోనిది కొంత. కొత్త సొంత కారుకు మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి షాకెన్ అనే తనిఖీ తప్పనిసరి. ఉదాహరణకు, కారు అడుగుభాగానికి, నేలకు మధ్య కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలి. అందుకే ఆ కార్ల వాళ్లు సెంటీమీటర్లలో మాట్లాడుకుంటారు. తనిఖీకి వెళ్లేముందు ఎత్తి, తిరిగి వచ్చాక దించేవారూ ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు.

చెవులకూ పని ఉంది. ఆర్ఎక్స్-7లో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటరు గుండ్రంగా తిరుగుతుంది. నెమ్మదిగా నడిచేటప్పుడు దాని చప్పుడు 'బ్రప్, బ్రప్' అని తడబడుతున్నట్టుంటుంది, ఒక్కసారి విన్నాక కళ్లు మూసుకునైనా పోల్చుకోగలరు. మాజ్దా 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది ఈ రకం ఇంజనుతోనే. ఒక యజమాని తాళం చెవి తీసి దిగిపోయినా కారు ఇంకా నడుస్తూ ఉంటే కంగారుపడకండి. టర్బో, అంటే ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే భాగం, వేడి తగ్గేదాకా ఇంజనును ఒకటి రెండు నిమిషాలు తిప్పి ఆపే చిన్న పరికరం అది. పాత కార్లలో మరో ముచ్చట ఉంటుంది. వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటగానే 'కిన్, కోన్' అంటూ గుడిగంట వంటి హెచ్చరిక మోగుతుంది. 1980ల నాటి హాచిరోకు యజమాని ఎవరైనా దాన్ని పీకేయకుండా ఉంచుకుంటే అది గర్వంగా చెప్పుకునే విషయం. హాచిరోకు అంటే ఎనిమిది-ఆరు, టొయోటా ఏఈ86కు ముద్దుపేరు.

కార్ల కన్నా మనుషులను చూడటం ఇష్టమైతే ఆ జీటీ-ఆర్‌ల దగ్గరికే రండి. అమెరికాలో 25 ఏళ్లు నిండిన విదేశీ కారును దిగుమతి చేసుకోవడానికి అక్కడి ప్రమాణాల అడ్డు ఉండదు. 1999లో తయారైన ఆర్34లకు 2024లో ఆ వయసు వచ్చింది. ధరలు పెరిగి, ఒక్కొక్క కారే ఓడ ఎక్కుతోంది. దైకోకులో ఆ కార్ల పక్కన నిలబడిన పెద్దవాళ్లలో కొందరు ఇప్పటికీ అమ్మనివారు. గైడు జపనీస్ తెలిసినవాడైతే, 'ఈ కారు మీ దగ్గర ఎన్నేళ్లుగా ఉంది' అని ఒక్క ప్రశ్న అడిగించండి. మా గైడు అడిగితే ఒకాయన జేబులోంచి తన కొడుకు పసినాటి ఫొటో తీసి చూపించాడు. బాబు ఆ కారు బానెట్ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కాఫీ డబ్బా పట్టుకుని నిలబడిన ఆరడుగుల కుర్రవాడే ఆ బాబు. మంచి గైడుకూ ఉత్త డ్రైవరుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: టూరు ఎందుకు, కారు అద్దెకు తీసుకుని నేనే దైకోకుకు వెళితే?

జవాబు: వెళ్లవచ్చు. 1949 జెనీవా ఒప్పందం కింద భారతదేశంలో ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది, దిగిన రోజు నుంచి ఏడాదికి మించకుండా. అసలు లైసెన్సు, పాస్‌పోర్టు కూడా జేబులో ఉండాలి. మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు. కారుతోపాటు, ఆగకుండా టోల్ కట్టే ఈటీసీ కార్డు తప్పనిసరిగా అడిగి తీసుకోండి, ఎందుకంటే షుతోలో కొన్ని ప్రవేశద్వారాలు నగదు తీసుకోవు. టోల్ దూరాన్ని బట్టి ఉంటుంది. అయితే మొదటి రాత్రే సీ1 మీదికి వెళ్లకండి. కూడళ్లలో ఒక చీలిక తప్పితే మరో పది కిలోమీటర్లు వేరే దిక్కుకు పోతారు, దైకోకు కూడలిలో అయితే వంతెన ఎక్కి యోకొహామాలోనే అవతలి ఒడ్డున తేలుతారు. నేను తేలాను, రెండుసార్లు. ముందు ఒకసారి టూరులో వెళ్లి దారి చూసుకుని, రెండో రాత్రి మామూలు చిన్న కారులో వెళ్లడం మేలు. అక్కడ మీ అద్దె కారును ఎవరూ చిన్నచూపు చూడరు, అసలు చూడనే చూడరు.

ప్రశ్న: ఫొటోలు తీసుకోవచ్చా? పిల్లలను తీసుకువెళ్లవచ్చా? ఏమి వేసుకోవాలి?

జవాబు: కారును దూరం నుంచి తీయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. దగ్గరికి వెళ్లేటప్పుడు యజమాని ఉంటే "షషిన్ తొత్తె మో ఈ దెసు క?" అని అడగండి, ఫొటో తీసుకోవచ్చా అని దాని అర్థం. ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు, మీ సంచీ బక్కిల్ పెయింటుకు తగలకుండా సంచీని ముందుకు వేసుకోండి. బయట పెట్టే ఫొటోల్లో నంబర్ ప్లేటు కనిపించకుండా చేయడం అక్కడి మర్యాద. ఇంజను గట్టిగా మోగించమని సైగ చేయడం మాత్రం మహాపరాధం. ఆ చప్పుడు వల్లనే పార్కింగ్ మూతపడుతుంది, మీ ఒక్కరి సరదాకు అందరూ ఇంటిదారి పడతారు.

పిల్లలను నిరభ్యంతరంగా తీసుకువెళ్లవచ్చు. అక్కడ కుటుంబాలూ వస్తాయి. ఆరేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు ఉండాలన్నది నియమం, టాక్సీలకు మినహాయింపు ఉన్నా ముందే అడిగి పెట్టించుకోండి. పాత స్పోర్ట్స్ కార్ల వెనక సీటులో పెద్దవాళ్ల కాళ్లు పట్టవు. నలుగురైతే వ్యాను తప్ప గత్యంతరం లేదు. మద్యం ఆశించకండి, ఎక్స్‌ప్రెస్‌వే విశ్రాంతి స్థలాల్లో అమ్మరు. తాగి నడిపేవాడి పక్కన తెలిసి కూర్చున్న ప్రయాణికుడికి కూడా 2007 నుంచి శిక్ష ఉంది.

నవంబరు తరువాత సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది కనుక గాలి దూరని జాకెట్టు వేసుకోండి. వెండింగ్ మెషీన్లో ఎర్ర గుర్తున్న డబ్బాలు వేడివి, నీలం గుర్తున్నవి చల్లనివి. టూరు రాత్రి 12 గంటలకు ముగిసేట్టయితే మిమ్మల్ని హోటలు దగ్గరే దింపుతారా, స్టేషను దగ్గర వదిలేస్తారా అని అడగండి. ఆ వేళకు ఆఖరి రైళ్లు వెళ్లిపోతుంటాయి, రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా టాక్సీ మీటరు 20 శాతం ఎక్కువ తిరుగుతుంది.